గంటెకు ఉపవాసం

గద్వాల నుంచి వనపర్తి వెళ్లే బస్సు టైరు పంక్చరై దారిలో ఆగినప్పుడు, నా ఒళ్లో కోయించిన జూరాల డ్యాం చేపలున్నాయి. ఆరున్నరకు మా ఇంట్లో ప్రార్థన కూటం. ఏళ్లుగా ప్రార్థనకు దూరమైన నా భర్త, చేపల కూర పెడితే కూర్చుంటానన్నాడు. ప్రభువు కూడా ఒడ్డున చేపలు కాల్చి, తినడానికి రమ్మని శిష్యులను పిలిచాడు కదా అని ఒప్పుకున్నాను. ఇప్పుడు వండే సమయమే లేదు. ఈ రోజు తప్పితే ఆయన మళ్లీ కూర్చోడు.

పక్క సీట్లో ఖాళీ చేపల గంపతో ఒక ముసలమ్మ ఉంది. "గంత పరేషాన్ ఏంది బిడ్డా?" అంది. చెప్పాను.

"ఒక్క గిన్నె చాలు. అడుగున టమాటలు, వంకాయలు పరువు. మీద ఉప్పు కారం పట్టిచ్చిన ముక్కలు పెట్టి, ఇంత చింతపులుసు పోసి, మూతేసి సన్నమంట మీద ఇడువు. కలిపితే చెదురుతయ్. ఇయ్యాల గంటెకు ఉపాసం పెట్టు!"

నాకు నవ్వు రాలేదు.

ఇల్లు చేరేసరికి కూటం వేళైంది; ఆమె చెప్పినట్టే గిన్నె పొయ్యి మీద పెట్టి వచ్చి కూర్చున్నాను. కూటంలో కళ్లు మూసుకున్నా మనసు పొయ్యి మీదే ఉంది. మాడుతుందేమోనని లేవబోయాను. నా భర్త చెయ్యి పట్టి ఆపాడు. "కూసో. అయ్యగారు ప్రార్థన చేస్తున్నరు."

ఆమేన్ అన్నాక మూత తీశాను. అడుగున వంకాయలు కొంచెం మాడాయి, ముక్క మాత్రం చెదరలేదు.

మరుసటి వారం చేపలు వండలేదు. అయినా ఆయన వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు, పేరైనా అడగని ఆ ముసలమ్మ కోసం ప్రార్థించాను.