వానకు ముందే తలుపు తట్టే టీచరమ్మ

పొద్దున్నే పాలు తీసుకుంటుంటే వాచ్‌మన్ చెప్పాడు. "మేడం, ఎదురింటి టీచరమ్మ పోయిందట. నిద్రలనే." ముందు ఏడుపు రాలేదు. ఈసారి వానలకు మమ్మల్ని ఎవరు హెచ్చరిస్తారని భయమేసింది.

కాప్రా చెరువుకు దిగువన మా వీధి. ఆవిడ కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయారు. ఎండలు ముదరగానే ఇంటింటికీ తిరిగేవారు. మెయిన్ స్విచ్ ఎక్కడుందో పిల్లలనడిగేవారు. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెట్టించేవారు. సెల్లార్లో మనుషుల్ని ఉంచొద్దని ఓనర్లను బతిమాలేవారు.

"మళ్ల షురూ చేసిందిరా! ఎండకు సస్తుంటే వానల ముచ్చటేంది?" అని వీధిలోవాళ్లు నవ్వేవాళ్లు.

"వరద చుట్టంలా ఫోన్ చేసి రాదు కదండీ," అని ఆవిడా నవ్వేవారు.

ఎందుకంత పట్టుదలని ఒకసారి అడిగాను. చిన్నప్పుడు వాళ్ల ఊరికి తుఫాను వస్తోందని రేడియోలో చెప్పారట. ఇలాంటి గాలులు ఎన్ని చూడలేదని వాళ్ల నాన్న కదల్లేదట. "మా చెల్లి నా చెయ్యే పట్టుకుందమ్మా..." అని తన అరచెయ్యి చూసుకున్నారు.

నాలుగేళ్ల కిందట ఒక సాయంత్రం చెరువు పొంగింది. వీధిలో నీళ్లు పరుగెడుతుంటే మా పక్కింటాయన కారు తీయడానికి సెల్లార్లోకి దిగబోయాడు. టీచరమ్మ అడ్డంగా నిలబడ్డారు.

"జరుగమ్మా! కొత్త కారది!"

"కారు మళ్లీ కొనుక్కోవచ్చు బాబూ. మీ ఆవిడ మొహం చూడండి ఒకసారి."

ఆయన తోసుకుని వెళ్లేవాడే. అంతలో వెనక ప్రహరీ కూలి నీళ్లు సెల్లార్లోకి దూకాయి. చూస్తుండగానే కారు మునిగిపోయింది. ఆయన మెట్ల మీద కూలబడి ఏడ్చాడు.

మరుసటి వేసవి ఆవిడ జాగ్రత్తలు చెప్పడానికి పిలిస్తే వీధంతా వచ్చింది. ఆ పై ఏడు సగం మంది. కిందటేడు మేం నలుగురం. "వరద తగ్గినట్టే భయమూ తగ్గిపోతుందమ్మా. అందుకే ఏటా చెప్పాలి," అన్నారు కుర్చీలు సర్దుతూ.

టీచరమ్మను సమాధుల తోటలో సాగనంపి తిరిగొస్తుంటే, వీధి చివరి కొత్త బిల్డింగు సెల్లార్లో ఎవరో కాపురం దిగుతున్నారు. వానలకు అక్కడికి నీళ్లొస్తాయని నిలబడి చెప్పాను.

"గిట్ల ఎండ కొడుతుంటే వాన యాడిదక్కా? కింద సల్లగుంటది. పిల్లకు మంచిగ నిద్ర పడ్తది," అంది సామాను దింపుతున్న ఆమె.

రేపు మళ్లీ వస్తానన్నాను. లోపల, కిటికీ లేని గోడ పక్కన పరిచిన చాప మీద, ఆ పిల్ల అప్పటికే చెంప కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోతోంది.