సుధాకర్ విన్న మాటలు

2019 జులైలో నేను ప్రొద్దుటూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఒకరోజు ఉదయం పది గంటలప్పుడు రాజుపాలెం వైపు నుంచి కరుణమ్మ అనే ఆమె తన తమ్ముణ్ణి ఆటోలో తీసుకొచ్చింది. పేరు సుధాకర్, ఇరవై నాలుగేళ్లు. గొడ్లకు మేత తీయబోతే గడ్డివాములో ఉన్న నాగుపాము చేతిమీద కాటేసింది. అమ్మానాన్నలు లేరు. అతన్ని పెంచింది ఆ అక్కే.

అప్పటికే అతని రెప్పలు వాలిపోతున్నాయి, గుటక పడటం లేదు. విషానికి విరుగుడైన యాంటీవెనమ్ ఎక్కుతుండగానే ఊపిరి అందకుండా పోయింది. గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. ఇక ఊపిరి ఆడించే పని ఆ యంత్రానిదే. మధ్యాహ్నానికి మనిషిలో కదలిక లేదు.

"ఊర్లో మంత్రం ఏపిద్దామన్న్యారు. నేను ప్రార్థన చేసుకుంటానే ఆటో ఎక్కిచ్చినా. దేవుడు డాక్టర్లను ఊరికే పెట్టినాడా?" అంది కరుణమ్మ.

ఐసీయూలోకి ఐదు నిమిషాలు పంపితే తమ్ముడి చెవి దగ్గర వంగింది. "సుధా, నేనీడనే ఉండా. యేసయ్య నీ పక్కనే ఉండాడు. భయపడాకురా."

"ఆయనకేం వినపడదమ్మా, బయట కూర్చో" అన్నాను. మంచం పక్కనే నిలబడి తోటి నర్సుతో, "ఈయన లేవడం కష్టమే" అని కూడా అన్నాను.

కరుణమ్మ తిరిగి చూసింది. "అట్లనాకక్కా. వాడు వింటాండాడు."

సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఏడుస్తూ కనిపించింది. "లోపల వానికి ధైర్యం చెప్తాండా గానీ నాకే ధైర్యం ల్యా. నువ్వు గూడా మీ దేవుణ్ణి అడుగక్కా." నేను ముస్లింని. ఆరోజు నమాజులో ఆమె తమ్ముడి కోసం దువా చేశాను.

మర్నాడు ఉదయం నేను సెలైన్ మారుస్తుంటే ఆమె ప్రార్థన ముగించి, "వింటాంటే కాలివేలు కదిలీరా" అంది. కుడికాలి బొటనవేలు కొంచెం కదిలింది. నా భ్రమేమో అనుకున్నాను. "ఇంగోసారి నాయనా" అంది. మళ్లీ కదిలింది.

పరుగెత్తి డాక్టరుగారిని పిలిచాను. ఆయన పరీక్షించి, "విషం కట్టేసింది కండరాలనే, మెదడు మెలకువగానే ఉంది" అన్నారు. భయం తగ్గడానికి కాస్త మత్తుమందు రాశారు. కదల్లేని మనిషికి అన్నీ వినపడతాయన్న సంగతి నేను నర్సింగులో చదువుకున్నదే. ఆ మంచం దగ్గర నిలబడినప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

మూడోరోజు గొట్టం తీశారు. గొంతు బొంగురుగా ఉన్నా సుధాకర్ అడిగిన మొదటి మాటల్లో ఒకటి నన్నే: "కష్టమే అన్న్యది నువ్వేనా అక్కా?"

"నేనే నాయనా. తప్పయింది."

"ఆ మాటకు శానా భయమేసింది. అరుద్దామంటే నోరు రాల్యా. మా అక్క వచ్చి ప్రార్థన చేస్తాంటే ఆ గొంతునే పట్టుకోనుంటి."

అతన్ని బతికించింది మందూ యంత్రమేనని నాకు తెలుసు. కరుణమ్మ కూడా కాదనలేదు. కానీ ఆ రెండు రోజులూ అతను ఒంటరిగా లేడు. అందులో నా పాత్ర ఏమీ లేదు, భయపెట్టడం తప్ప.

ఇప్పుడు వెంటిలేటర్ మీద ఎవరున్నా ముందు పేరు పెట్టి పిలుస్తాను. సూది వేసే ముందు చెబుతాను, పక్కకు తిప్పే ముందు చెబుతాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సు పిల్లలు "ఎవరితో మాట్లాడుతున్నారు మేడం?" అని నవ్వుతారు. "ఆయనతోనే" అంటాను.