మామూలు బల్బులు

మా ఆయన కోపం మనుషుల మీద చూపించరు, వస్తువుల మీద చూపిస్తారు. మిక్సీ, గ్యాస్ లైటరు, నీళ్ళ మోటారు, అన్నీ ఆయన చేత తిట్లు తిన్నవే. ఆ ఏడాది వంతు మా కారు హెడ్‌లైట్లకు వచ్చింది.

"ఇవి లైట్లా, అగరొత్తులా? రోడ్డే కనపడకుండా ఉండాది," అని రోజూ సణుగుడే.

నేను కాన్పుల వార్డులో నర్సుని. ప్రకాశం జిల్లా నుంచి ఉద్యోగానికని బెంగుళూరు వచ్చి, కాడుగోడిలో తాతల నాడే స్థిరపడిన ఒక తెలుగు కుటుంబానికి కోడలినయ్యాను. మా ఆయన అక్కడే ఒక బడిలో లెక్కల మాస్టారు. చాలా ఏళ్ళు నేను ఆసుపత్రి వ్యానులోనే వెళ్ళొచ్చాను. ఆసుపత్రివాళ్ళు ఆ వ్యాను ఆపేశాక, డ్యూటీ దిగే వేళకు ఆయనే కారు తెచ్చి గేటు దగ్గర నిలబడడం మొదలుపెట్టారు. అంతకుముందు చీకట్లో బండి తీయాల్సిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు. "నా పెండ్లాన్ని ఆటోల కోసం రోడ్డు మీద నిలబెడతానా?" అని వాచ్‌మన్‌కు వినపడేలా అనేవారు. తోటి నర్సులు ముసిముసి నవ్వులు నవ్వేవాళ్ళు. పైకి విసుక్కున్నా లోపల పొంగిపోయేదాన్ని. పిల్లలు లేని ఇంట్లో మాటలు తగ్గిపోతాయి. మా మాటలన్నీ ఆ కారులోకి వచ్చి చేరాయి. ఆ ట్రాఫిక్‌లో గంటసేపు ఇరుక్కున్నా నాకు చాలనిపించేది కాదు. ఆయన చీకట్లో కారు నడిపినన్నాళ్ళే ఆ గంట మాకు ఉంటుందనుకున్నాను.

చలికాలం వచ్చి తొందరగా చీకటి పడడంతో గొడవ మొదలైంది. ఒకరోజు డివైడరు అంచు ఎక్కించారు. ఇంకోరోజు స్పీడ్ బ్రేకరు మీంచి ఎగిరిపడ్డాం. తప్పంతా లైట్లదే. మొదట పేస్టు వైద్యం జరిగింది. హెడ్‌లైట్ల అద్దాలు పసుపుబారి ఉంటాయని బడిలో ఎవరో చెబితే, టూత్‌పేస్టు ట్యూబంతా వాటికి రుద్దారు. కారు పుదీనా వాసన కొట్టింది, అంతే.

తర్వాతి ఆదివారం చర్చి అయ్యాక నగర్తపేట అవతల కారు సామాన్లు అమ్మే వీధికి వెళ్ళాం. కొట్టతను కూడా ఈ ఊరి పాత తెలుగువాడే. ఇద్దరికీ మాట కలిసింది.

"వాట్లు ఎక్కువుండేది పెడితే వైరు కాలిపోతాదప్పా, వేరే వైరింగ్ చేయించుకోవాల. ఎల్ఈడీ తెల్లగా షోకుగా ఉంటాది గానీ వానలో ఏమీ కనపడదు. పసుపుది వానకు మంచిది. కారుతో వచ్చింటాది చూడు, ఆ మామూలు బల్బు, దాంట్లోనే కొంచెం వెలుతురు జాస్తి ఇచ్చేది ఉండాది. ముందు అది పెట్టి చూడు."

మా ఆయన ఒక్కో బల్బునీ డబ్బాతో సహా ఎత్తి పట్టుకుని, తిప్పి తిప్పి చూశారు.

"పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇంత శ్రద్ధగా చూడలేదు," అన్నాను.

"నిన్ను మార్చేకి కాదు గదా, అందుకే చూడలేదు," అన్నారు. కొట్టతను పడీపడీ నవ్వాడు.

బిగించే పని ఆయనే పెట్టుకున్నారు. చేతి జిడ్డు గాజుకు తగిలితే బల్బు తొందరగా పోతుందట. నా గ్లౌజులు అడిగి తొడుక్కుని, కాన్పు చేసే డాక్టరులా బానెట్‌లోకి వంగి, రెండూ మార్చారు. వారం రోజులు లోకమంతా వెలుగుతో నిండిపోయినట్టు మాట్లాడారు. ఆ తర్వాత మళ్ళీ అదే పాట.

ఈసారి ఎల్ఈడీలు. వాటి వెలుతురుకు ఎదుటివాళ్ళు గగ్గోలు పెట్టారు. ఒక ఆటో అతను పక్కకొచ్చి, "ఏన్రీ, డిప్ మాడ్రీ!" అని, లైటు దించమని కన్నడంలో అరిచిపోయాడు.

"వాళ్ళకేమో కండ్లు జిగేల్మంటాయంట, నాకేమో దారి కనపడదు. ఇదేం లైటప్పా!" అన్నారాయన.

పక్కన కూర్చున్న నాకు మాత్రం గుంతలు, కుక్కలు, రోడ్డు దాటబోతున్న మనిషి చేతిలోని కూరగాయల సంచి, అన్నీ కనిపించేవి. నాకు అప్పటికి డ్రైవింగ్ రాదు. నడిపేవాళ్ళకు ఇంకా ఎక్కువ కనిపించాలేమో అనుకున్నాను.

వానలు మొదలయ్యాక పసుపు రంగువి, ఎక్కువ వాట్లవి తెచ్చారు. కొట్టతను వద్దన్నా వినకుండా వైరింగ్ కూడా మార్పించారు. ఆ సాయంత్రం కారు మా ఎదుటి గోడకు ఎదురుగా పెట్టి, వెలుతురు సరిగ్గా ఎక్కడ పడుతోందో చూడాలన్నారు. నేను అప్పుడే డ్యూటీ దిగి వచ్చాను, తెల్ల యూనిఫాంలోనే ఉన్నాను.

"గోడ దగ్గర నిలబడు. ఆ, అక్కడే. ఇప్పుడు కొంచెం కుడి పక్కకు జరుగు."

జరిగాను.

"ఎక్కడికి పోయినావే? వెలుతురులోకి రా."

నేను వెలుతురులోనే ఉన్నాను. నా నీడ గోడ మీద నల్లగా, స్పష్టంగా పడి ఉంది. చెయ్యెత్తి ఊపాను. నీడ కూడా ఊపింది.

"రమ్మంటా ఉంటే!" అని కారులోంచి కేకేశారు.

ఎంతమంది బాలింతలకు ప్రాణం మీదికి వచ్చినా చేతులు వణకని దాన్ని, గోడ పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి ఆయన చూపుకు ఎదురుగా వెళ్ళి, "బల్బులు బాగానే ఉన్నాయండీ. రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం," అన్నాను.

"బల్బుకు డాక్టరెందుకు?" అని నవ్వారు.

కళ్ళాసుపత్రిలో ఆయన్ని ఒక మిషను ముందు కూర్చోబెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా దాన్ని నొక్కాలి. చుక్క ఎక్కడ వెలుగుతోందో పక్కనున్న తెర మీద నాకు తెలుస్తోంది. నడుమ వెలిగినప్పుడు నొక్కుతున్నారు. చుట్టూ చుక్కలు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి, ఆయన బొటనవేలు కదలడం లేదు. నొక్కండి, నొక్కండి అని లోపల్లోపల మొత్తుకున్నాను.

రేచీకటి అంది డాక్టరమ్మ. చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వస్తుందట. నయం చేసే మందు లేదట. చీకట్లో బండి ముట్టుకోవద్దని, కొన్నాళ్ళకు పగలు కూడా వదిలేయాల్సి వస్తుందని చెప్పింది. ఇది కుటుంబాల్లో వస్తుంటుంది, పిల్లలున్నారా అని అడిగింది. లేరన్నాను. ఎప్పుడూ ఆ మాట చెప్పేటప్పుడు కలిగే బాధ ఆ రోజు కలగలేదు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా ఇంట్లో ఎవరికీ లేదు మేడం," అన్నారాయన గట్టిగా.

నాకు మా అత్తగారు గుర్తొచ్చింది. ఆమె చేసుకున్నది సొంత మేనమామనే. "మా ఇంట్లో మొగోళ్ళు పొద్దు గుంకేలోపల ఇంట్లో ఉంటారమ్మా. ప్రార్థన తప్పరు," అని నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఎంత గర్వంగా చెప్పిందో! మామగారు, ఆయన తమ్ముళ్ళు, వెలుతురుండగానే చాప మీద వచ్చి కూర్చునేవాళ్ళు. బైబిలు ఎప్పుడూ ఆడవాళ్ళమే చదవాలి. మగవాళ్ళు కళ్ళు మూసుకుని, కీర్తనలు నోటికి అప్పజెప్పేవాళ్ళు. చర్చి సంఘమంతా ఆ ఇంటి భక్తి గురించి చెప్పుకునేది. సాయంత్రం కూటాలు పెట్టినప్పుడు పాస్టరుగారు ఆ ఇంటి మగవాళ్ళు రానందుకు కూడా మెచ్చుకునేవారు, ఇంటి ప్రార్థన విడిచిపెట్టరని. వాళ్ళది భక్తి కాదని నేను అనను. కానీ దీపాలు పెట్టాక వాళ్ళకు ఏమీ కనిపించేది కాదు. అది జబ్బని వాళ్ళకూ తెలియదు, చుట్టూ ఉన్న మాకూ తెలియదు. డాక్టరమ్మకు ఇదంతా చెబుతుంటే మా ఆయన నా వైపు తిరగలేదు. ఒళ్ళో పెట్టుకున్న చేతుల్నే చూసుకుంటూ కూర్చున్నారు.

నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. లైసెన్సు వచ్చాక పొద్దున కారు నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళేదాన్ని. ఆయన మాత్రం రావడం మానలేదు. వెలుతురుండగానే బస్సెక్కి వచ్చి, ఎప్పటిలాగే గేటు దగ్గర నిలబడేవారు. ఎవరైనా చూస్తే నన్ను తీసుకెళ్ళడానికి వచ్చారనే అనుకుంటారు. తర్వాత ఎడమ వైపు తలుపు తడుముకుని తీసి, పక్క సీట్లో కూర్చునేవారు.

మొదటి రోజుల్లోనే ఒక సాయంత్రం ఎదుటి బండివాడు ఆగకుండా లైటు కొట్టాడు.

"ఎందుకు కొడతా ఉండాడు?"

"మన లైట్లు వాళ్ళ కళ్ళల్లోకి పడుతున్నాయండీ."

కాస్త దూరం పోయాక మెల్లగా, "తీసేయించు. నాకోసం గదా పెట్టింది. వాళ్ళ కండ్లన్నా బాగుండనీ," అన్నారు.

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. దేవుడి మీద వచ్చింది, ఆ పసుపు బల్బుల మీద వచ్చింది, అంత మెత్తగా ఒప్పేసుకున్నందుకు ఆయన మీద కూడా వచ్చింది. ఆయన కేకలేసి లైట్లను తిడితే బాగుండుననిపించింది.

సెలవు రోజు చూసుకుని నేనొక్కదాన్నే కొట్టుకు వెళ్ళాను.

"ఏమ్మా, సార్ రాలేదా?"

"లేదు. కారుతో వచ్చినలాంటివే ఇవ్వండి, మామూలువి. ఎక్కువ వెలుతురివి వద్దు."

"అందరూ ఇంకా జాస్తి వెలుతురు కావాలని వస్తారు. మీరేమమ్మా, తక్కువ అడగతా ఉండారు?"

"ఇప్పుడు బండి నేను నడుపుతున్నాను," అన్నాను. అతను నా ముఖం చూసి ఇంకేమీ అడగకుండా డబ్బాలు తీసిచ్చాడు. అక్కడే వైరింగ్ మళ్ళీ పాతదానిలా మార్చి, వాటిని బిగించి పంపించాడు.

మర్నాడు సాయంత్రం ఆ బల్బులతో ఇంటికొచ్చాం. రోడ్డు నాకు చక్కగా కనిపించింది. ఎవరూ లైటు కొట్టలేదు. ఆయన సీటు బెల్టు పట్టుకుని, ముందుకే చూస్తూ, బడిలో ఏ పిల్లవాడో భిన్నాలను ఎలా ఖూనీ చేశాడో చెబుతున్నారు. నేను మా ఇంటి ముందుకొచ్చి ఆపాను. ఆయన చెబుతూనే ఉన్నారు. కాసేపటికి, "ఏమి ఇంతసేపు? సిగ్నలా?" అని అడిగారు.

ఆయన పుట్టిన వీధి అది. స్టీరింగు తిప్పినన్నాళ్ళూ ఆ మలుపులు ఆయన చేతులకు తెలుసు. పక్క సీట్లోకి మారేసరికి సొంత ఇల్లు కూడా తెలియలేదు. మా గేటు మీద, గోడ మీద, మెట్ల మీద మామూలు బల్బుల వెలుతురు నిండుగా పడి ఉంది.

"అవునండీ, సిగ్నలే," అన్నాను.

"సరే," అని ఆయన మళ్ళీ భిన్నాల కథ అందుకున్నారు. ఇంజను ఆపకుండా, చప్పుడు బయటికి రాకుండా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, మా ఇంటి ముందే ఏడుస్తూ కూర్చున్నాను.