మల్బరీ ఆకు తినే ఉడుము

మొన్న హిందూపురం నుంచి పెనుకొండకు బస్సులో వస్తుంటే ఒక రైతు మల్బరీ ఆకు మోపు తెచ్చి నా కాళ్ల దగ్గర పడేశాడు. అప్పుడే కోసిన ఆకు, చుట్టిన గోనెపట్టా ఇంకా తడిగా ఉంది. పక్క సీటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఇంకాస్త దగ్గరికి జరిగాను. ఆ పచ్చివాసనకు గ్రేసమ్మ టీచరు ఇంటి వెనక వరండా మొత్తం కళ్లముందుకొచ్చేసింది.

గ్రేసమ్మ టీచరు పెనుకొండ బడిలో లెక్కలు చెప్పేవారు. పెళ్లి చేసుకోలేదు. బడికీ చర్చికీ పోను మిగిలిన పొద్దంతా ఎవరికీ అక్కర్లేని జీవాలకే. బెంగళూరులో కొలువులు చేసేవాళ్లు సరదాపడి విదేశీ జంతువుల్ని కొనుక్కోవడం, సరదా తీరాక తల పట్టుకోవడం ఆ తొంభైల్లోనే మొదలైంది. ఒక ఇంట్లో వద్దనుకున్న బూడిదరంగు ఆఫ్రికా చిలుకను టీచరు తెచ్చుకున్నారు. దిగులుతో అది తన ఈకలు తనే పీకేసుకుని బోసిగా ఉండేదట. ఆ కబురు ఆ నోటా ఈ నోటా పడి తల పక్కన ఎర్రచారలున్న తాబేళ్లు, బొచ్చంతా చిక్కులు కట్టిన పర్షియన్ పిల్లి, గినీ పందులు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. బాగుపడ్డాక ఏదైనా మాకివ్వమని ఎవరడిగినా టీచరు జవాబు ఒకటే. “ఈడికొచ్చినది ఈన్నే ఉంటుందప్పా, కడదాకా.”

జీవాన్ని వదలడానికి వచ్చినవాళ్లను ఎందుకు వదిలేస్తున్నారని ఆవిడ ఎన్నడూ అడగలేదు. ఒకసారి కారులో వచ్చిన భార్యాభర్తలు, మేం కొత్త ఇంటికి మారుతున్నాం, అక్కడ ఒప్పుకోవడం లేదు అంటూ సంజాయిషీ మొదలుపెట్టారు. టీచరు మధ్యలోనే ఆపి, “అది ఏం తింటుందో చెప్పండి, చాలు” అన్నారు. వాళ్లు వెళ్లాక నాకు ఒళ్లు మండి, అంత తేలిగ్గా ఎలా వదిలిపెట్టారు వాళ్లను అని అడిగాను.

“కారణం అడిగితే సిగ్గుపడతారమ్మా. సిగ్గుపడినోళ్లు ఇంకోసారి మన వాకిట్లోకి రారు. యాడో రోడ్డు మింద ఇడిసిపోతారు” అన్నారావిడ, పిల్లి చిక్కులు విప్పుతూ.

ఆ ఇంటికి నేను వచ్చిందీ ఇంచుమించు అలాగే. ధర్మవరంలో అత్తవారిల్లు వదిలి, ఒక ట్రంకుపెట్టెతో రైలెక్కి పెనుకొండలో దిగాను. ప్రైవేటు బడిలో ఉద్యోగమైతే దొరికింది గానీ, ఒంటరి ఆడదానికి గది ఇచ్చే ఇల్లు దొరకలేదు. మొగుడేడి, ఎందుకొచ్చేసినావు, సర్దుకోలేకపోయినావా అని ప్రతి గడపలోనూ అవే ప్రశ్నలు. టీచరు గుమ్మంలోనూ అవే జవాబులు వల్లె వేసుకుంటూ నిలబడ్డాను. ఆవిడ నన్నూ, పెట్టెనూ చూసి “తింటివా?” అన్నారు. లేదన్నాను. కంచం పెట్టారు. మిగతా ప్రశ్నలు ఆ రోజు అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. ఆ పూట తిన్న రాగిసంగటి, వేరుశెనగ ఊరిబిండి రుచి నాకింకా నోట్లోనే ఉంది.

రెండు వేల సంవత్సరం దాటాక మా ఇంటికి ఇగ్వానా అనే విదేశీ బల్లి వచ్చింది. మూర పైన పొడుగు, వీపు మీద ముళ్లవరస, గొంతు కింద వేలాడే తోలు. పక్కింటి పిల్లలు గోడ మీంచి చూసి ఉడుము ఉడుము అని వీధంతా టముకు వేశారు. మా వైపు ఉడుము ఇంట్లోకి వస్తే కొన్నాళ్లు ఇల్లు ఖాళీ చేసి పాడుబెట్టాలంటారు. సాయంత్రానికల్లా ఇంటి ఓనరు హనుమంతప్ప మోపెడ్ వేసుకుని వచ్చేశాడు. రొద్దం దగ్గర మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు ఉన్న పెద్ద రైతు.

“ఏమ్ టీచరమ్మా, ఇంట్లో ఉడుమును పెట్టుకోనుండారంటనే? ఈ నెలాఖరుకు ఖాళీ చేసేయండి.”

“అది ఉడుము కాదప్పా, ఇగ్వానా.”

“పేరు మారిస్తే ఉడుము కాకుండా పోతుందా?”

ఇన్ని జీవాలతో పోతే పెనుకొండలో ఇంకో ఇల్లు ఎవరిస్తారు? ఈ గడప దాటితే వాటితోపాటు నేనూ వీధిలోనే. టీచరు మాత్రం తొణకలేదు.

“ఉడుము ఏం తింటుందప్పా?” అని అడిగారు.

“గుడ్లు, ఎలకలు, కోడిపిల్లలు.”

“అయితే మీ గోడపక్క చెట్టు నుంచి నాలుగు ఆకులు కోసుకొచ్చి మీరే పెట్టి చూడండి.”

ఆ గోడపక్క చెట్టు మల్బరీ, పట్టుపురుగులు తినే ఆకు. హనుమంతప్ప విసుక్కుంటూనే కోసుకొచ్చి దూరం నుంచే ఆకులు విసిరాడు. ఇగ్వానా తీరిగ్గా వచ్చింది. నాలుకతో ఒకసారి ఆకును తాకి చూసి తినడం మొదలుపెట్టింది. ఒకటయ్యాక ఇంకొకటి. ఆయన గొంతుక్కూర్చుని అలాగే చూస్తుండిపోయాడు. చివరి ఆకు కూడా అయిపోయాక లేచి బయటికి నడిచాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

బయట తొట్టిలోంచి నీళ్లు ముంచుతున్న చప్పుడైంది. తొంగిచూస్తే హనుమంతప్ప చెప్పులు విప్పేసి, కాళ్లూ చేతులూ కడుక్కుంటున్నాడు. పట్టుపురుగులు పెంచేవాళ్లు షెడ్డులోకి పోయే ముందు చేసే పని అది. చెప్పులతో లోపలికి పోరు, కడుక్కోని చేత్తో ఆకు ముట్టరు. మళ్లీ గుప్పెడు ఆకు కోసుకుని, తడికాళ్లతో లోపలికొచ్చి, ఈసారి దాని దగ్గరే కూర్చుని పెట్టాడు.

“ఆకు తినే జీవి కాడికి చెప్పులతో వస్తినే” అన్నాడు, మాకంటే దానికే చెబుతున్నట్టు.

“నెలాఖరుకు ఖాళీ చేయాలి కదప్పా?” అన్నారు టీచరు నవ్వాపుకుంటూ.

“ఎవురు చేసేది? ఊరుకోమ్మా.”

మర్నాటి నుంచి తోటలోంచి మోపెడ్ మీద ఆకు రావడం మొదలైంది. ఇది పట్టుపురుగుకు పెద్దన్న అని ఊరంతా చాటింపు వేసింది ఆయనే. చూడడానికి వచ్చిన రైతులు, చెప్పకముందే గుమ్మంలో చెప్పులు విడిచి, తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుని వచ్చేవాళ్లు. పొమ్మన్న ఇంటికే అలా మర్యాద దక్కింది. చిలుక ఒంటిమీద ఎప్పుడు ఈకలు నిండాయో మేమెవరం గమనించనే లేదు.

కొన్నేళ్లకు టీచరు పోయారు. సమాధి దగ్గర నుంచి వస్తూ, ఇప్పుడు వీటి గతేమిటని ఎవరో అంటే హనుమంతప్ప నిలబడిపోయాడు. “ఈడికొచ్చినది ఈన్నే ఉంటుందని ఆయమ్మ ఎన్నిసార్లు చెప్పె? నాకేమన్నా చెవుడా?” అన్నాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఒక్క జీవి కూడా ఇంకో చేయి మారలేదు. ఇగ్వానా ముసలిదై పోయినప్పుడు ఆ మల్బరీ చెట్టు కిందే పూడ్చాం.

నేనిప్పుడు ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌ని. రెండేళ్ల క్రితం టర్ము నడిమధ్యలో ఒక పిల్ల సంచీ భుజానేసుకుని ఒంటరిగా వచ్చింది. నన్ను చూడగానే చేతులు కట్టుకుని, “నేనెందుకు వచ్చేస్తినంటే మేడమ్...” అని వల్లె వేసినట్టు మొదలుపెట్టింది. ఆ గొంతు నాకు బాగా తెలుసు.

“అదట్లుండనీ పాపా. తింటివా?” అన్నాను.

ఆ పిల్ల ఈ ఏడు పదో తరగతి రాస్తోంది, లెక్కల్లో క్లాసుకు ఫస్టు. ఎందుకొచ్చిందో నాకింతవరకూ తెలియదు.