పేకముక్కల పెట్టె

కంభం నుంచి మార్కాపురం రోడ్డు స్టేషనుకు కొన్నేళ్లపాటు రోజూ ప్యాసింజర్ రైల్లో తిరిగాను. మార్కాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ చూసుకునే ఉద్యోగం నాది. ఆ రైలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా స్టేషన్ గేటుకు ఎదురుగా ఆగే పెట్టెలో గిద్దలూరులో ఎక్కిన ఉద్యోగస్తుల జట్టు ఒకటి కూర్చుని ఉండేది. మోకాళ్ల మీద తువాలు పరిచి పేకాట ఆడేవాళ్లు. దారిలో ఎక్కబోయే స్నేహితుల కోసం ఖాళీ సీట్ల మీద చేతిరుమాళ్లు వేసి ఉంచేవాళ్లు. నేను మొదటిరోజు తెలియక ఒక రుమాలు పక్కకు జరిపి కూర్చున్నాను.

"అక్కడ మనిషొస్తాడు. లెయ్యమ్మా," అన్నాడు జట్టుకు పెద్దలా ఉన్న బట్టతల ఆయన.

"ఎవరూ లేరు కదన్నా?"

"తర్లుపాడులో ఎక్కుతాడు. కొత్తా ఏంది నువ్వు?"

లేచి నిలబడ్డాను. వారం తిరగకముందే నాకు పట్టుదల వచ్చింది. ఖాళీ కనిపిస్తే కూర్చోవడం మొదలుపెట్టాను. వాళ్లు సీటు మీద నీళ్లు ఒలకబోశారు. నేను ఎక్కగానే, "కాలేజీ మేడమొచ్చినాది, లేచి దండం పెట్టండ్రా," అని నవ్వేవాళ్లు. టికెట్లు చూసేటాయనకు చెబితే, "రోజూ మొహాలు చూసుకునేటోళ్లు, సర్దుకుపోండమ్మా," అన్నాడు. వేరే పెట్టెకు పోవచ్చు కదా అని ఇంట్లో అనేవాళ్లు. నేనెందుకు పోవాలి?

ఒకరోజు మా అమ్మీని వెంటబెట్టుకుని బయలుదేరాను. మోకాళ్ల నొప్పులకు మార్కాపురంలో డాక్టరుకు చూపించాలి. పెళ్లిళ్ల రోజులు, రైలు కిక్కిరిసి ఉంది. ఆమెను నడిపించుకుంటూ ప్లాట్‌ఫాం మీద దూరం పోలేక, ఎదురుగా ఆగిన ఆ పెట్టెలోనే ఎక్కించాను. కిటికీ పక్కన ఒక సీటు మీద రుమాలు ఉంది.

అమ్మీ బట్టతల ఆయన్నే అడిగింది. "నాయనా, కొంచెం కూర్చోనీ. కాళ్లు నిలవడం లేదు."

ఆయన ముక్కల మీంచి తల ఎత్తలేదు. "మనిషుండాడమ్మా."

"తర్లుపాడు దాకా కూర్చుంటాది, తర్వాత లేస్తాది," అన్నాను.

"ఒకరోజు ఇస్తే రోజూ ఇదే అంటావు నువ్వు. నీ సంగతి మాకు తెలుసులే."

అమ్మీ నా చెయ్యి పట్టుకుని లాగింది. "వద్దు బేటీ, పోట్లాడొద్దు." బురఖా దగ్గరకు తీసుకుని, చేతులు కడిగే బేసిన్ కింద, తడినేల మీదే కూర్చుంది. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఆమె కాళ్లు దాటుకుని పోతున్నారు.

తర్లుపాడు వచ్చింది. ఆ సీటు కోసం ఎవరూ ఎక్కలేదు. రైలు కదిలింది, రుమాలు అట్లాగే ఉంది. నేను పోయి దాన్ని తీసేశాను. బట్టతల ఆయన కాలు చాపి ఆ సీటు మీద పెట్టాడు.

అప్పుడేం ఆలోచించానో చెప్పలేను. తువాలు మీద ముక్కలన్నీ రెండు చేతులా ఊడ్చి కిటికీలోంచి విసిరేశాను. కొన్ని ఊచలకు తగిలి ఆయన ఒళ్లోనే పడ్డాయి.

ఆయన లేచి చెయ్యెత్తాడు. "ఆడదానివని ఊరుకుంటాండా!"

"కొట్టు. కొట్టు చూద్దాం."

పెట్టెలో ఎవరూ నా తరఫున మాట్లాడలేదు. "ఇంత కోపం ఏందమ్మా ఆడపిల్లకి," అన్నదొకామె వెనక నుంచి. ఆయన చెయ్యి దించాడు, కూర్చున్నాక కాలు మళ్లీ చాపలేదు. అమ్మీని పిలిచాను, రాలేదు. "వాళ్ల మధ్యలోనా? నేను కూర్చోను," అంది. మార్కాపురం దాకా ఆ సీట్లో నేనొక్కదాన్నే కూర్చున్నాను. ఆమె నేల మీదే ఉంది.

ఆటో ఎక్కాక తిట్టింది. "ముక్కలు పారేస్తే నా మోకాళ్లు బాగైనాయా? రేపు నువ్వొక్కదానివే పోవాల ఆ రైల్లో."

మర్నాడు ఆ పెట్టెలోనే ఎక్కాను. కొత్త పేకతో వాళ్లు ఆడుతూనే ఉన్నారు. కిటికీ పక్క సీటు మీద రుమాలు లేదు. కూర్చున్నాను. ఎవరూ పలకరించలేదు, ఎగతాళీ చేయలేదు. ఆ తర్వాత ఎన్నేళ్లయినా అంతే. వేరుశనక్కాయల పొట్లం అందరి చేతులూ తిరిగి నా దగ్గర మాత్రం దారి మార్చుకునేది. నేనూ వాళ్లతో ఒక్క మాట మాట్లాడలేదు.

బదిలీలై కొందరు, మోటారు సైకిళ్లు కొనుక్కుని కొందరు, జట్టు పలచబడిపోయింది. ఒక వానాకాలం పొద్దున బట్టతల ఆయన కంభంలో టీకి దిగినట్టున్నాడు, కదిలే రైలును పరుగెత్తుకుంటూ వచ్చి అందుకున్నాడు. ఆయాసంతో రొప్పుతున్నాడు, మనిషి బాగా చిక్కిపోయాడు. ఈలోగా ఆయన సీట్లో ఇంకెవరో కూర్చున్నారు. ఎక్కడా చోటు లేదు. నా పక్కన నా బ్యాగు ఉంది. దాన్ని తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

ఆయన ఆ ఖాళీని చూశాడు, నన్ను చూశాడు. తలుపు కమ్మీ పట్టుకుని, వానజల్లు మీద కొడుతున్నా మార్కాపురం దాకా అక్కడే నిలబడ్డాడు. నోరు తెరిచి కూర్చోమని నేను అనలేదు. అనాలని కూడా అనిపించలేదు.