పాడు పెట్టెలు

మొన్న కూతురితో కలిసి సముద్రపు రోడ్డు వెనక వీధిలో కాఫీ తాగడానికి వెళితే, ఆ హోటలు వాకిట్లో పాత చెక్కపెట్టె ఒకటి నిలబెట్టి, దాని మీద పూలకుండీ పెట్టి ఉన్నారు. ముందరి గుడ్డ చిరిగిపోయి లోపల గరాటులాంటి నోరు కనిపిస్తోంది. అది అమెరికా స్పీకరని అక్కడ ఎవరికీ తెలిసినట్టు లేదు. నేను మాత్రం ఒకప్పుడు మా ఇంట్లో ఉన్న అలాంటి జత గుర్తొచ్చి, దాని పక్క కుర్చీలోనే కూర్చుండిపోయాను.

మన కాలం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో చిన్న చిన్న ప్లాస్టిక్ సెట్లు వచ్చిపడి పాత పెట్టెలన్నీ వీధిన పడ్డాయి. ఫ్రాన్సుకు వెళ్ళిపోయే కుటుంబాలు సామాను అమ్ముకుంటుంటే, మావారు ఆదివారం సంతంతా గాలించి రెండు జతలు సారంలోని మా ఇంటికి చేర్చారు. ఒక జత ఇంగ్లండువి, మోకాలెత్తున, పల్చటి చెక్కతో ఉండేవి. రెండో జత అమెరికావి, ఒక్కొక్కటి మా బియ్యం డ్రమ్ముకంటే పెద్దది. చలిదేశంలో చిన్న గదుల్లో పక్కింటికి వినపడకుండా పాట వినే జనం చేసుకున్నవి ఇవీ, సినిమా హాల్లో చివరి వరుస దాకా గొంతు చేరాలని పుట్టినవి అవీ అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ కూర్చోబెట్టి చెప్పేవారు. చిన్నవాటిలో మనిషి గొంతు మన పక్కన కూర్చుని పాడినట్టుండేది, పెద్దవాటిలో డోలు మోగితే వంటింట్లో గిన్నెలు కదిలేవి. ఏ జత గొప్పదని అడిగితే ఇద్దరు పెళ్ళాలున్నవాడిలా నీళ్ళు నమిలేవారు. నాకు చిన్నవే ఇష్టం, వాటితో అయితే పొయ్యి దగ్గర్నుంచే నేనూ గొంతు కలపగలిగేదాన్ని. అప్పుడాయన సౌండు తగ్గించేసి, ఎందుకు తగ్గిందంటే కరెంటు మీద నెట్టేవారు.

అలాంటి మనిషికి ఒక ఉదయం పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ, కాలూ, నోరూ పడిపోయాయి. తేరుకున్నాక ఆయన నోట్లో ఒక్క మాటే మిగిలింది, "పాడు". మొదటి నెలల్లో మాట రాకపోతే ఇక ఆశ తక్కువని డాక్టరు చెప్పాడు. నేను ఆయన ముందు కూర్చుని, నీళ్ళు అనండి, పోనీ నా పేరు అనండి అని బతిమాలేదాన్ని, మొక్కని దేవుడు లేడు. ఆయన ఎడమ చెయ్యి ఎత్తి పెట్టెల వైపు, తర్వాత నా వైపు చూపించి "పాడు" అనేవారు. అనేసి ఏడ్చేవారు.

పాడు బతుకని తనను తానే తిట్టుకుంటున్నాడని మా అత్తగారు గుండె బాదుకునేది. మా మరిదికి తోచింది వేరు. ఇంట్లో జబ్బు మనిషి ఉంటే పాటలేమిటని ఆ పెట్టెలను ఎవరూ ముట్టుకోలేదు కదా, అవి చెడిపోయాయని అన్న కుమిలిపోతున్నాడనుకున్నాడు.

"పెట్టెల తట్టే చూపిస్తా ఉండాడు వదినా. కంటి ముందర ఉంటే ఇంకా బాధ. యాడన్నా ఇచ్చేస్తాం," అని పెద్ద జతను మూలకుళంలో తెలిసినాయనకు పంపించేశాడు. బండి కదులుతుంటే ఆయన వేసిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అయినా ఆ మాట ఆగలేదని చిన్న జతనూ అక్కడికే పంపించాడు. ఇక చూపించడానికి పెట్టెలు లేవు, ఆ చెయ్యి నా వైపే లేచేది. నీవల్లే అంతా పాడైంది అంటున్నారనుకుని నేను కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. కట్టుకున్నవాడి నోట మిగిలిన ఒక్క మాటా శాపమైతే ఆడది ఏం చేస్తుంది?

ఒకరోజు ఎదురింటి తమిళావిడ చారు తెచ్చి ఇచ్చి కూర్చుంది. తెలుగు ముక్క రాని మనిషి. ఆయన నన్ను చూపించి ఆ మాట అనగానే ఆవిడ నవ్వి, "పాడ సొల్రారు అక్కా, పాడుంగ," అంది. పాడమంటున్నారు, పాడండి అని. ఆవిడకు తెలిసిన అర్థం అదొక్కటే. మనసులో చెడు నిండినవాళ్ళం, రెండర్థాల్లో చెడ్డదాన్నే ఏరుకున్నాం.

మా అమ్మ పాడే నాట్లపాట ఎత్తుకున్నాను. రెండో చరణానికి ఆయన పెదవులు కదిలాయి. మామూలుగా నీళ్ళు అనలేని ఆ నోరు, పాటలో వచ్చిన నీళ్ళను తప్పు లేకుండా పలికింది. పెట్టెలు వెనక్కి తెద్దామని మా మరిది పరుగున మూలకుళం వెళ్ళాడు గానీ, వాటిని తీసుకున్నాయన అప్పటికే పెట్టెలు విప్పి చెక్క వాడేసుకున్నాడు. పాట ఆగగానే ఈయనకు మళ్ళీ ఆ ఒక్క మాటే. ఉన్నన్నాళ్ళూ అంతే. నా పేరును చరణంలో ఇరికించి పాడితే నాతోపాటు పలికేవారు, పాట అయిపోతే పేరూ అయిపోయేది.

ఇప్పుడు అరచేతిలో పట్టే డబ్బాలోంచి కావలసిన పాట వస్తోంది, సుఖంగానే ఉంది. ఈ తమిళ ఊళ్ళో పెరిగిన మనవళ్ళకు మాత్రం మా ఇంటి తెలుగు దాదాపు పోయింది, తమిళమే మాట్లాడతారు. పాడు అంటే వాళ్ళకు పాట పాడడమే, చెడిపోవడమనే అర్థం ఒకటుందని కూడా తెలియదు. మన మాట పోతోందని నలుగురిలో నేనూ బాధపడతాను. కానీ ఆ రోజుల్లో మా ఇంటిల్లిపాదికీ వాళ్ళలా ఆ ఒక్క అర్థమే తెలిసి ఉంటే, ఆయన అడిగిన మొదటి పూటే పాడి ఉండేదాన్ని.