చిన్న గడ్డ ఉన్న చోటు

సహోదరులారా, సహోదరీలారా, ఈ చెన్నై వ్యాసర్పాడిలో మన ఆరాధన రేకుల షెడ్డులో జరిగిన రోజులు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. పక్క రైల్వే యార్డులో గూడ్సు బండి కదిలితే ప్రసంగం ఆగేది, అది పోయాక మళ్లీ మొదలయ్యేది. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆదివారం నెలసరిలో ఉన్న స్త్రీలు వెనుక చాప మీదే ఉండిపోయేవాళ్లు. అది పాస్టరుగారు పెట్టిన నియమం కాదు, మన తల్లుల నుంచి వచ్చిన అలవాటు. నాకు రక్తస్రావం ఆగక దాదాపు ఏడాది పాటు ఆ చాపే నా చోటయింది. కుట్టుమిషను తొక్కితే ఆయాసం, మెట్లెక్కితే కళ్లు తిరిగేవి, మళ్లీ బల్ల దగ్గరకు వెళ్లకుండానే చనిపోతానేమోనని లోలోపల ఏడ్చేదాన్ని.

ఒక ఆదివారం మా సలోమి పెద్దమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఏందమ్మే, ఈ చాప మీదే కాపురం పెట్టేసినావా? బైబిల్లో రక్తస్రావంతో ఉన్న ఆయమ్మ జనాన్ని తోసుకోని పొయ్యి ప్రభువు అంగీ ముట్టి బాగుపడింది. నువ్వు ఈడ కూసోనుండావు. రేపు ఆస్పత్రికి పోదాం, పా."

స్కానులో మూడు ఫైబ్రాయిడ్ గడ్డలు కనిపించాయి. ఇవి ఎక్కువగా గర్భసంచి కండరపు గోడలోనే పుడతాయని, కొన్ని బయటికి, కొన్ని లోపలికి పెరుగుతాయని డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. నావి మూడూ మూడు చోట్ల ఉన్నాయి. రవికెల కొలతలు సొంతంగా నేర్చుకున్నదాన్ని కదా, సెంటీమీటర్లు చూసి నేనే తేల్చేశాను. బయటున్న పెద్దదాన్ని తీసేయండి, లోపలి చిన్నదాన్ని వదిలేయండి అన్నాను. ఆమె నవ్వింది.

"ఎంత పెద్దదని కాదమ్మా, ఎక్కడుందని చూడాలి. రక్తం పోయేది ఆ చిన్నదాని వల్లే."

కడుపు కోయకుండానే దాన్ని తీయవచ్చని, మిగతా రెండింటినీ అప్పుడప్పుడు చూపించుకుంటే చాలని చెప్పింది.

ఆపరేషనుకు ముందు ఆదివారం, రక్తం ఇంకా ఆగకముందే, పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని అందరి మధ్య నుంచి బల్ల దగ్గరకు నడిపించింది. పాస్టరుగారు ఒక్క మాటైనా అడగకుండా రొట్టె నా చేతిలో పెట్టారు. "ప్రభువా, నాకు కొలతలే తెలుసు, చోటు నీకు తెలుసు, డాక్టరమ్మ చేతిని నువ్వే నడిపించు" అని ప్రార్థించాను. ఆయన నడిపించాడు, రక్తస్రావం ఆగింది, మాత్రలతో మెల్లగా ఒంట్లోకి బలం వచ్చింది, దేవునికే మహిమ!

పెద్దమ్మ ఇప్పుడు లేదు, ప్రభువునందు నిద్రించింది. రేకుల షెడ్డు పోయి మందిరం లేచింది. అయినా నాకు ఆ రేకుల కింది ఉక్కపోత, ఆమె చేతి పట్టు ఈనాటికీ జ్ఞాపకమే. మీలో ఇలాంటి బాధ ఉన్న చెల్లీ, దాచుకోకుండా డాక్టరుకు చూపించుకో. ప్రభువు దగ్గరకు మాత్రం బాగయ్యాక వస్తానని ఆగవద్దు. నన్ను ఆయన బాగవకముందే చేర్చుకున్నాడు.